వోల్టేజీ ఎక్కడ పోతోంది? ట్యూబులైటులో, మంటలో ప్లాస్మా విద్యుద్వాహకత కొలిచే పద్ధతి

ప్లాస్మా అంటే కొన్ని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు. దాని విద్యుద్వాహకత కొలవమంటే చాలామంది చేసేది ఒక్కటే. రెండు చివర్ల మధ్య వోల్టేజీ చూస్తారు, కరెంటు చూస్తారు, భాగించి నిరోధం తీస్తారు, పొడవు, వైశాల్యం వేసి జవాబు రాసేస్తారు. రాగి తీగకు ఇది సరిపోతుంది. పలుచగా అయనీకరణ చెందిన వాయువుకు సరిపోదు. ట్యూబులైటులో ఈ లెక్క 20 నుంచి 40 శాతం తప్పుతుంది, గ్యాసు మంటలో వందల రెట్లు తప్పుతుంది. తేడా అంతా లోహమూ వాయువూ కలిసే చోట పుడుతుంది. ఆ చివరల వాటాను తీసేసి మధ్యలో ఉన్న వాయువును మాత్రమే ఎలా కొలవాలో ఇక్కడ చెబుతున్నాం. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కాలేజీ ల్యాబుల్లో దొరికే సామాను, ఎలక్ట్రికల్ షాపులో, ఎరువుల కొట్టులో దొరికే సామాను చాలు.

ముందు లెక్క

ఎలక్ట్రాన్‌ను విద్యుత్ క్షేత్రం లాగుతుంది. అది వేగం పుంజుకునేలోపు ఏదో ఒక తటస్థ పరమాణువునో అణువునో గుద్దుకుని దిశ మార్చుకుంటుంది. మళ్ళీ మొదటికి వస్తుంది. కాబట్టి విద్యుద్వాహకత రెండు విషయాల మీద ఆధారపడుతుంది: ఘనపు మీటరులో ఎన్ని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉన్నాయి, ఒక్కో ఎలక్ట్రాన్ సెకనుకు ఎన్నిసార్లు ఢీకొంటోంది. ఎలక్ట్రాన్ ఆవేశం, ద్రవ్యరాశి విలువలు వేసేస్తే సూత్రం ఇంతే:

విద్యుద్వాహకత = 2.82 × 10⁻⁸ × ఎలక్ట్రాన్ సాంద్రత ÷ ఢీకొనే రేటు

సాంద్రత ఘనపు మీటరుకు, రేటు సెకనుకు వేస్తే జవాబు మీటరుకు ఇన్ని సీమెన్లు అని వస్తుంది. అయాన్లూ కదులుతాయి గానీ అవి బరువు. వాయువు మధ్యలో కరెంటుకు వాటి వాటా లెక్కలోకి రాదు. చివర్ల దగ్గర మాత్రం వాటి మాటే చెల్లుతుంది, అక్కడికి తర్వాత వద్దాం.

"పలుచని" ప్లాస్మా అని దేన్ని అనాలి? ఎలక్ట్రాన్లు తటస్థ కణాలను గుద్దే రేటు, అయాన్లను గుద్దే రేటు కంటే బాగా ఎక్కువగా ఉన్నదాన్ని. ట్యూబులైటులో మొదటిది సెకనుకు దాదాపు 9 × 10⁸, రెండోది 10⁷ దరిదాపు. అంటే అయాన్ల వాటా ఒక శాతం. ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, పూర్తిగా అయనీకరణ చెందిన ప్లాస్మాలో ఎలక్ట్రాన్లు పెరిగితే వాటిని అడ్డుకునే అయాన్లూ అంతే పెరుగుతాయి. అందుకే అక్కడ విద్యుద్వాహకత సాంద్రతతో దాదాపు మారదు, ఉష్ణోగ్రతతోనే మారుతుంది. పలుచని ప్లాస్మాలో ఎలక్ట్రాన్లు రెట్టింపైతే విద్యుద్వాహకత రెట్టింపు. రాయగడ జిల్లా తెరుబలిలో ఫెర్రోక్రోమ్ ఫర్నేసుల లోపల లేచే ఆర్క్‌కు ఈ సూత్రాన్ని ఉన్నదున్నట్టు వాడకండి.

ట్యూబులైటు: రెండు పొడవులు, ఒక తీసివేత

కావలసినవి: 4 అడుగుల 36 వాట్ల ట్యూబు, 2 అడుగుల 18 వాట్ల ట్యూబు, రెండూ 26 మిల్లీమీటర్ల సన్న రకం. వాటికి తగ్గ రాగి చోక్‌లు, స్టార్టర్లు, పట్టీలు. ఎల్ఈడీలు వచ్చాక ఇవి కొత్తగా కొనేవాళ్ళు తగ్గారు కాబట్టి పాత సామాన్ల కొట్టులో తేలిగ్గా దొరుకుతాయి. తీసుకునేటప్పుడు రెండు సంగతులు చూడండి. ట్యూబు ఆకారంలో ఉన్న ఎల్ఈడీ ఇందుకు పనికిరాదు, అందులో ప్లాస్మాయే ఉండదు. పాత 40 వాట్ల లావు ట్యూబు 38 మిల్లీమీటర్లది. దాన్ని సన్న ట్యూబుతో జత చేస్తే తీసివేతకు అర్థం ఉండదు.

ఎలక్ట్రానిక్ చోక్ వద్దు. అది ట్యూబును పదుల కిలోహెర్ట్జ్‌లో నడుపుతుంది. మామూలు మల్టీమీటరు ఆ పౌనఃపున్యంలో చూపించే అంకెను నమ్మలేం.

ఇది 230 వోల్టుల సరఫరా మీద పని. మల్టీమీటరు 600 వోల్టుల క్యాట్ 3 రకం కావాలి, వీలైతే ట్రూ ఆర్ఎంఎస్ (తరంగం ఏ ఆకారంలో ఉన్నా సరైన విలువ చూపే రకం) ఉన్నది. స్టార్టర్ తెరుచుకున్నప్పుడు చోక్ వందల వోల్టుల దెబ్బ కొడుతుంది, ఒక్కోసారి వెయ్యి దాకా పోతుంది. చిన్న పసుపు రంగు మీటర్లు ఆ దెబ్బకు పోతాయి, కొన్నిసార్లు చేతిలో ఉండగానే పోతాయి. మెయిన్ ఆపి, ట్యూబు రెండు చివర్లకూ ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు తగిలించి, మీటరును ఎక్కువ ఏసీ రేంజిలో పెట్టి, చేతులు తీశాకే స్విచ్ వేయండి. వెలుగుతున్నప్పుడు క్లిప్పులు మార్చవద్దు. తడి నేల మీద, చెప్పుల్లేకుండా ఈ పని పెట్టుకోవద్దు.

కరెంటుకు క్లాంప్ మీటరు మేలు, తీగ కోయక్కర్లేదు. అయితే 0.4 ఆంపియర్ దగ్గర చవక క్లాంప్ మీటర్లు రెండు అంకెలు కూడా సరిగ్గా చూపవు. చోక్ నుంచి ట్యూబుకు వెళ్ళే తీగ స్థానంలో పొడుగు తీగ వేసి, క్లాంప్ దవడ గుండా పది చుట్లు తిప్పండి. మీటరు 4.3 చూపితే అసలు కరెంటు 0.43. మెయిన్ నుంచి వచ్చే తీగను పట్టుకుంటే మాత్రం తప్పు. పట్టీలో పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్ ఉంటే ఆ తీగలో కరెంటు వేరు, ట్యూబులో కరెంటు వేరు.

వెలిగించి 15 నిమిషాలు ఆగండి. ట్యూబులో పాదరసం ఆవిరి పీడనం గాజు మీద అన్నిటికంటే చల్లగా ఉన్న చోటును బట్టి ఉంటుంది. అది 40 డిగ్రీల దగ్గర కుదురుకోవాలి. చలికాలం పొద్దున పొట్టంగిలో తీసిన రీడింగూ, మేలో బరంపురంలో తీసిన రీడింగూ కలవకపోతే కారణం ఇదే. ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వకండి.

ఇప్పుడు అంకెలు. కంపెనీ వివరాల్లో 36 వాట్ల ట్యూబుకు 103 వోల్టులు, 0.43 ఆంపియర్. 18 వాట్లదానికి 57 వోల్టులు, 0.37 ఆంపియర్. మీకూ వీటి చుట్టుపక్కలే రావాలి. లోపలి వ్యాసం 24 మిల్లీమీటర్లు అనుకుంటే వైశాల్యం 4.5 × 10⁻⁴ చదరపు మీటర్లు. ఫిలమెంట్లు గాజు లోపలికి చొచ్చుకుని ఉంటాయి కాబట్టి డిశ్చార్జి పొడవు సుమారు 1.15 మీటర్లు, 0.54 మీటర్లు.

మొదట తప్పు పద్ధతిలోనే లెక్క వేసి చూడండి. పెద్ద ట్యూబు నిరోధం 240 ఓములు, విద్యుద్వాహకత 10.6. చిన్నదాని నిరోధం 154 ఓములు, విద్యుద్వాహకత 7.8. రెండింటిలోనూ అదే ఆర్గాన్, అదే పాదరసం, దాదాపు అదే కరెంటు. ఒకే వాయువుకు పొడవు మారినంత మాత్రాన విద్యుద్వాహకత మారకూడదు. మారిందంటే వోల్టేజీలో కొంత భాగం పొడవుతో సంబంధం లేకుండా ఎక్కడో పోతోందన్నమాట.

ఇప్పుడు తీసివేయండి. 103 − 57 = 46 వోల్టులు. పొడవుల తేడా 0.61 మీటర్లు. మధ్య స్తంభంలో క్షేత్రం మీటరుకు 75 వోల్టులు. 0.54 మీటర్లకు అది 40.5 వోల్టులు అవుతుంది. 57లో మిగిలిన 16.5 వోల్టులు రెండు చివర్లూ తినేశాయి. కరెంటు సాంద్రత 0.43 ÷ 4.5 × 10⁻⁴, అంటే చదరపు మీటరుకు సుమారు 950 ఆంపియర్లు. దాన్ని 75తో భాగిస్తే మీటరుకు 12.7 సీమెన్లు. ఇదీ ఆ వాయువు అసలు లెక్క. సముద్రపు నీటికి ఇది దాదాపు 5. అంటే వెలుగుతున్న ట్యూబులోని పలుచని వాయువు గోపాలపూర్ సముద్రపు నీటి కంటే రెట్టింపు పైన బాగా కరెంటును తీసుకుపోతుంది. రాగి 5.8 × 10⁷, దాని ఊసు వేరు.

ఈ అంకె నుంచి వెనక్కి వెళ్ళి ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో తీయవచ్చు. ఆర్గాన్ పీడనం 300 పాస్కల్ అనుకుంటే ఘనపు మీటరుకు 6.9 × 10²² పరమాణువులు. ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత 11,000 కెల్విన్ దరిదాపు, సగటు వేగం సెకనుకు 6.5 × 10⁵ మీటర్లు. ఢీకొనే అడ్డుకోత (ఎలక్ట్రాన్‌కు ఒక్కో పరమాణువు ఎంత వైశాల్యం మేర అడ్డు పడుతుందో ఆ లెక్క) 2 × 10⁻²⁰ చదరపు మీటర్లు వేస్తే రేటు సెకనుకు 9 × 10⁸. సూత్రంలో పెడితే ఎలక్ట్రాన్ సాంద్రత 4 × 10¹⁷. సుమారు లక్షా డెబ్బై వేల పరమాణువులకు ఒక్క ఎలక్ట్రాన్. గాజు ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది, లోపల ఎలక్ట్రాన్లు పదకొండు వేల డిగ్రీల్లో ఉంటాయి. బరువైన పరమాణువుకు తేలిక ఎలక్ట్రాన్ గుద్దుకున్నప్పుడు శక్తి దాదాపు మార్పిడి కాదు కాబట్టే ఈ రెండూ ఒకే గొట్టంలో ఇమిడాయి.

రెండు కరెంట్లూ సమానం కావు కదా అని ఎవరైనా అడగాలి, అడగకపోతేనే అనుమానించాలి. నిజమే. కరెంటు తగ్గితే ఈ ప్లాస్మాలో క్షేత్రం కాస్త పెరుగుతుంది, అందువల్ల మన 75లో కొంత పొరపాటు ఉంది. ఊళ్ళలో సాయంత్రం వోల్టేజీ 190కి పడినప్పుడు ఇదే కంటికి కనిపిస్తుంది: కరెంటు బాగా తగ్గుతుంది, ట్యూబు మీద వోల్టేజీ తగ్గకపోగా ఒకటి రెండు వోల్టులు పెరుగుతుంది. కరెంటు తగ్గితే ఎలక్ట్రాన్లు తగ్గుతాయి, విద్యుద్వాహకతా తగ్గుతుంది. చోక్ లేకుండా ట్యూబును నేరుగా మెయిన్‌కు కలపకూడదనడానికీ ఇదే కారణం: కరెంటు పెరిగేకొద్దీ అడ్డు తగ్గిపోయే వస్తువు తనంతట తాను ఆగదు. వేరియాక్ (ఏసీ వోల్టేజీని పెంచీ తగ్గించీ చూసే ట్రాన్స్‌ఫార్మర్) ఉన్న ల్యాబయితే పెద్ద ట్యూబును 0.37 ఆంపియర్‌కు దించి రీడింగు తీసుకోండి, పొరపాటు పోతుంది.

ఇంకో తిరకాసు. 103ను 0.43తో గుణిస్తే 44 వస్తుంది, ట్యూబు మీద 36 వాట్లని ఉంటుంది. దొంగ లెక్కేం కాదు. 50 హెర్ట్జ్ మీద ప్రతి అర చక్రంలో ఎలక్ట్రాన్లు కొన్ని గోడలకు పోయి మళ్ళీ పుట్టాలి. అందుకని వోల్టేజీ తరంగం చదరంగా, కరెంటు తరంగం గుండ్రంగా ఉంటాయి. రెండు ఆర్ఎంఎస్ విలువల లబ్ధం వాట్ల కంటే ఎక్కువే వస్తుంది. మన 12.7 కూడా చక్రం మొత్తం మీద ఒక రకమైన సగటే. 10 నుంచి 20 శాతం అటూ ఇటూ ఉంటుందని రికార్డులో రాసుకోండి.

మంట: ఇక్కడ చివరలే అంతా తినేస్తాయి

ట్యూబులో పద్దెనిమిదికి మించని చివరి వోల్టులు మంటలో ఎనభై దాటిపోతాయి. కారణం తెలిస్తే కొలత పద్ధతి దానంతట అదే తడుతుంది. ట్యూబు ఫిలమెంటు మీద బేరియం, స్ట్రాన్షియం, కాల్షియం ఆక్సైడుల పూత ఉంటుంది. వేడెక్కితే అది ఎలక్ట్రాన్లను ధారాళంగా ఇస్తుంది. మంటలో పెట్టిన స్టీలు రేకు ఇవ్వదు. రుణ రేకు దగ్గర కరెంటు సాగాలంటే ధన అయాన్లు నడిచి రావాలి. ఎలక్ట్రాన్లతో పోలిస్తే అవి వందల రెట్లు నెమ్మది. వాటిని లాగడానికి ఆ రేకు ముందు సన్నని పొరలో దాదాపు వోల్టేజీ అంతా పోగుపడుతుంది, మధ్యలో ఉన్న మంటకు మిగిలేది చిటికెడు. గ్యాసు గీజరులో మంట వెలిగిందో లేదో చూసే కడ్డీ ఈ పొర మీదే నడుస్తుంది. కడ్డీ చిన్నది, బర్నర్ పెద్దది కావడంతో కరెంటు ఒక దిశలోనే బాగా పోతుంది, కొన్ని మైక్రోఆంపియర్లు. కడ్డీ మీద మసి పేరుకుంటే గీజరు వెలిగి ఆరిపోతుంటుంది.

కాబట్టి నాలుగు కాళ్ళ పద్ధతి కావాలి: బయటి రెండు రేకులు కరెంటు పంపుతాయి, లోపలి రెండు తీగలు కరెంటు తీసుకోకుండా వోల్టేజీ మాత్రమే చూస్తాయి.

సామాను: ఎల్‌పీజీ మీద నడిచే బన్సెన్ బర్నర్. పాత స్టీలు డబ్బా మూతలోంచి కోసిన 10 × 10 మిల్లీమీటర్ల రేకులు రెండు. హీటరు కాయిల్ విప్పి తీసిన నైక్రోమ్ తీగ. హీటరు రిపేరు కొట్టులో దొరికే పింగాణీ కనెక్టర్లు. 9 వోల్టుల బ్యాటరీలు పది వరుసలో, అంటే 90 వోల్టులు. 100 కిలో ఓముల రెసిస్టర్లు రెండు. సీఏ3140 ఆప్‌యాంప్ (ఇన్‌పుట్‌లోకి దాదాపు కరెంటే తీసుకోని యాంప్లిఫయర్ చిప్) ఒకటి, దానికి వేరే 9 వోల్టుల బ్యాటరీలు రెండు. మల్టీమీటర్లు రెండు, బ్యాటరీ మీద నడిచేవే. నెబులైజర్ ఒకటి. దీన్ని మళ్ళీ మనుషులకు వాడకూడదు, మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించండి.

1. 90 వోల్టుల డీసీ కూడా షాకు కొడుతుంది. రెండు 100 కిలో ఓముల రెసిస్టర్లనూ బ్యాటరీ వరుస రెండు కొసలకూ ఆనించి సోల్డర్ చేయండి, తర్వాతే మిగతా తీగలు. రేకులు ఒకదానికొకటి తగిలినా కరెంటు అర మిల్లీఆంపియర్ దాటదు.

2. రుణ కొస రెసిస్టరే కరెంటు మీటరు కూడా. దాని మీద ప్రతి 0.1 వోల్టుకు 1 మైక్రోఆంపియర్. 10 మెగా ఓముల మల్టీమీటరు పెడితే ఒక శాతం తేడా, వదిలేయండి.

3. రేకులు ఎదురెదురుగా 15 మిల్లీమీటర్ల దూరంలో, వాటి మధ్య నైక్రోమ్ తీగలు రెండు 5 మిల్లీమీటర్ల ఎడంతో. అన్నీ మంట లోపలి నీలి శంకువు కొనకు రెండు సెంటీమీటర్లు పైన. శంకువులో పెడితే ఇంధనం మండుతూ తానే పుట్టించే అయాన్లు లెక్కను పాడుచేస్తాయి. పింగాణీని మంటకు అయిదు సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. బాగా కాలిన పింగాణీ, అందులోనూ ఉప్పు పట్టింది, కరెంటును పోనిస్తుంది.

4. ఆప్‌యాంప్‌ను బఫర్‌గా కట్టండి. బ్యాటరీల మధ్య బిందువు ఒక లోపలి తీగకు, ఇన్‌పుట్ 1 మెగా ఓము గుండా రెండో తీగకు. ఇన్‌పుట్‌కూ మధ్య బిందువుకూ నడుమ 10 నానోఫారడ్ ప్లాస్టిక్ కెపాసిటర్. లోపలి తీగలు దేన్నీ భూమికి కలపకండి, ఈ సర్క్యూట్ మొత్తం తేలుతూ ఉండాలి. మెయిన్ మీద నడిచే పవర్ సప్లై, ఆసిలోస్కోపు తగిలిస్తే రీడింగు అర్థం లేకుండా పోతుంది.

5. నెబులైజర్ పొగమంచును బర్నర్ గాలి రంధ్రంలోకి పంపండి.

ద్రావణాలు మోల్ లెక్కన సమానంగా ఉండాలి, బరువు లెక్కన కాదు. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటరులో సోడియం క్లోరైడ్ 0.58 గ్రాములు, మరో 100లో పొటాషియం క్లోరైడ్ 0.75 గ్రాములు. పొటాషియం క్లోరైడ్ ల్యాబులో లేకపోతే ఎరువుల కొట్టులోని పొటాష్ అదే. ఎర్ర రకంలో ఇనుము, కొంత మామూలు ఉప్పూ కలిసి ఉంటాయి. కరిగించి వడగట్టి వాడితే ప్రదర్శనకు సరిపోతుంది, కొలతకు ల్యాబ్ రకమే వాడండి. సోడియానికి వంటింటి ఉప్పు వాడినా ఇబ్బంది లేదు, హుమ్మ ఉప్పయినా నౌపడా ఉప్పయినా.

వరుస ముఖ్యం: డిస్టిల్డ్ వాటరు, సోడియం, మళ్ళీ డిస్టిల్డ్ వాటరు అయిదు నిమిషాలు, చివరికి పొటాషియం. పోల్చడానికి ఉత్త మంటను వాడవద్దు. నెబులైజర్ గాలి, నీరు మంటను చల్లబరుస్తాయి కాబట్టి డిస్టిల్డ్ వాటరు పోతున్న మంటే సున్నా. పొటాషియం ముందు వాడితే గొట్టంలో మిగిలిన చిన్న జాడ కూడా సోడియం రీడింగును మింగేస్తుంది.

ప్రతి ద్రావణానికీ లోపలి వోల్టేజీ ఒకసారి చూసి, బయటి బ్యాటరీ కొసలు తారుమారు చేసి మళ్ళీ చూడండి. రెండు రీడింగుల తేడాలో సగం తీసుకోండి. ఎందుకంటే లోపలి తీగలు రెండూ ఒకే వేడిలో ఉండవు, కరెంటు లేకపోయినా వాటి మధ్య పదుల మిల్లీవోల్టులు కనిపిస్తాయి. తారుమారు చేస్తే అసలు వోల్టేజీ గుర్తు మారుతుంది, ఈ దొంగ వోల్టేజీ మారదు. ఈ పని మానేసిన రికార్డులో మిగతా అంకెలు చూడనక్కర్లేదు.

విద్యుద్వాహకత = కరెంటు సాంద్రత × తీగల ఎడం ÷ ఆ సగం తేడా.

ఎంత రావాలో అంచనా వేద్దాం. నెబులైజర్ నిమిషానికి పావు మిల్లీలీటరు పంపిందనుకుంటే అందులో ఉప్పు 2.5 × 10⁻⁵ మోల్. బర్నర్‌లో గాలి, గ్యాసు కలిపి నిమిషానికి 25 లీటర్లు, అంటే సుమారు ఒక మోల్. గొట్టం గోడలకు అంటుకున్నది పోగా మంటలో లక్షకు ఒక పాలు ఉప్పు లోహం. 2000 కెల్విన్ దగ్గర సాహా సమీకరణంలో వేస్తే (ఎంత వేడిలో ఎంత భాగం అయనీకరణ చెందుతుందో చెప్పేది, మేఘనాద్ సాహా 1920లో ప్రచురించిన సమీకరణమే) సోడియంతో ఎలక్ట్రాన్ సాంద్రత 3 × 10¹⁶, పొటాషియంతో 3 × 10¹⁷. సోడియం నుంచి ఎలక్ట్రాన్ పీకడానికి 5.14 ఎలక్ట్రాన్‌వోల్టులు కావాలి, పొటాషియానికి 4.34 చాలు. ఆ కాస్త తేడాకే పది రెట్లు. మంటలో ఢీకొనే రేటు సెకనుకు 10¹¹ అనుకుంటే విద్యుద్వాహకత సోడియంతో 0.0085, పొటాషియంతో 0.085. వాతావరణ పీడనంలో అణువులు కిక్కిరిసి ఉంటాయి, అందులోనూ మంటలో నీటి ఆవిరి ఎలక్ట్రాన్లను బాగా అడ్డుకుంటుంది, అందుకే ట్యూబు కంటే ఇంత తక్కువ.

సోడియం మంటలో కరెంటు 20 మైక్రోఆంపియర్లు వచ్చిందనుకోండి. కరెంటు సాంద్రత చదరపు మీటరుకు 0.2 ఆంపియర్, క్షేత్రం మీటరుకు 23.5 వోల్టులు, 5 మిల్లీమీటర్లకు సుమారు 120 మిల్లీవోల్టులు. తేలిగ్గా కొలవవచ్చు. రేకుల మధ్య మొత్తం మంటకు పడేది 0.35 వోల్టు. రెసిస్టర్లకు 4 వోల్టులు పోగా మిగిలిన 86లో దాదాపు అంతా రుణ రేకు ముందర పొరదే. రెండు రేకుల మీద 86 వోల్టులనే నమ్మి లెక్క కట్టి ఉంటే విద్యుద్వాహకత 240 రెట్లు తక్కువ వచ్చేది.

మంట అంచులు ఎక్కడో ఖచ్చితంగా తెలియదు, కరెంటు రేకుల పక్కలకు పరుచుకుంటుంది. అసలు విలువలో రెండు మూడు రెట్ల అనిశ్చితి తప్పదు. ద్రావణాల మధ్య నిష్పత్తి మాత్రం నమ్మదగింది. అది కూడా సరిగ్గా పదే రాకపోవచ్చు. సాహా సమీకరణం సమతాస్థితికి చెబుతుంది, మంటలో వాయువు ఆ ఎత్తు దాటడానికి పట్టేది కొన్ని మిల్లీసెకన్లు. ఉప్పు పరమాణువులన్నీ అంతలో అయనీకరణ పూర్తి చేసుకోలేవు.

పేచీలు

రీడింగు ఊగిపోతుంటే ముందు గాలి చూడండి, సర్క్యూట్ తర్వాత. మంట 200 కెల్విన్ చల్లబడితే సోడియం ఎలక్ట్రాన్లు దాదాపు అయిదో వంతుకు పడిపోతాయి. మంట పక్కకు వంగినా అంతే. మూడు వైపులా రేకు అడ్డుపెట్టండి.

డిస్టిల్డ్ వాటరుకే మంట పసుపుగా ఉందా? గోపాలపూర్, సోనాపూర్ తీరం వైపు గదుల్లో ఇది మామూలు. సముద్రపు గాలిలో ఉప్పు తుంపర ఉంటుంది. సముద్రం వైపు కిటికీలు మూసి, బర్నర్ గొట్టం కడిగి ఆరబెట్టి చూడండి.

బర్నర్ ఆర్పినా కరెంటు సున్నాకు రాకపోతే అది మంటది కాదు, పింగాణీ మీద తడిది. వానాకాలంలో తీర ప్రాంతమంతా ఇదే బాధ. కనెక్టర్లను స్పిరిట్‌తో తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టండి. ఆప్‌యాంప్ ఇన్‌పుట్ కాలును బోర్డుకు సోల్డర్ చేయకుండా గాలిలోనే తీగకు కలిపితే సగం లీకేజీ అక్కడే పోతుంది.

లోపలి వోల్టేజీ తారుమారు చేసినా గుర్తు మారకపోతే తీగల మీద మసి ఉంది, లేదా ఒక తీగ మంట బయటికి జరిగింది. బర్నర్ గాలి రంధ్రం పూర్తిగా తెరిచారో లేదో చూడండి. పసుపు మసి మంటలో ఈ ప్రయోగమే లేదు.

పొటాషియం పెట్టాక కరెంటు నిమిషాల తరబడి నెమ్మదిగా ఎక్కుతూ పోతుంటే విద్యుద్వాహకత పెరుగుతోందని సంబరపడకండి. పొటాషియం రుణ రేకు మీద పొరలా పట్టి, ఎర్రగా కాలిన రేకు ఎలక్ట్రాన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. చివరి వోల్టేజీ తగ్గి కరెంటు పెరిగింది, అంతే. లోపలి వోల్టేజీని కూడా వెంటనే చూడండి. అది కరెంటుతో సమానంగా పెరిగితే విద్యుద్వాహకత కదలలేదని అర్థం. రెండు కాళ్ళ పద్ధతిలో కొలిచేవాళ్ళు పట్టుకోలేని సంగతి ఇది. రేకులు తీసి డిస్టిల్డ్ వాటరులో కడిగి, సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, మళ్ళీ మొదటి నుంచి తీయండి.

ట్యూబు పగిలితే కిటికీలు తెరిచి కాసేపు బయటికి వెళ్ళండి. చీపురు వాడవద్దు, పాదరసం చిన్న చుక్కలై నలుమూలలకూ పోతుంది. ముక్కలను అట్టతో ఎత్తి, పొడిని తడి కాగితంతో తుడిచి, మూత గట్టిగా పట్టే సీసాలో వేసి పక్కన పెట్టండి.